నువ్వు చెప్పు చూద్దాం

అమెరికాలో షాంటిలీ చుట్టుపక్కల వాసుదేవరావు పీట వేసుకుని కూర్చోని తెలుగు ఇల్లు వెతికినా దొరకదు. ముందు వచ్చినవాళ్లకు పెళ్లిళ్లు చేయించి, వాళ్ల పిల్లలకు అన్నప్రాసనలు చేయించి, ఆ పిల్లలు పెరిగి ఇళ్లు కొనుక్కుంటే గృహప్రవేశాలు చేయించిన మనిషి. చేసిన ఉద్యోగం మాత్రం వేరు. రాష్ట్ర రహదారుల శాఖలో వంతెనల ఇంజనీరు. వారమంతా నెత్తిన ప్లాస్టిక్ టోపీ, చేతిలో సుత్తి. శనాదివారాలు పట్టుపంచె, చేతిలో ఉద్ధరిణె.

వాళ్ల ఇంటా వంటా పౌరోహిత్యం లేదు. ఆయన వచ్చిన రోజుల్లో ఈ చుట్టుపక్కల గుడీ లేదు, పంతులుగారూ లేరు. రౌద్రి నామ సంవత్సరంలో, అంటే పంతొమ్మిది వందల ఎనభైలో, ఒక స్నేహితుడి భార్య నిండు గర్భంతో, "వ్రతం మొక్కుకున్నానండీ, ఎవరు చేయిస్తారు నాకు?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. చిన్నప్పుడు తండ్రి నేర్పిన సంధ్యావందనాన్నీ, తెనాలి నుంచి తెప్పించుకున్న క్యాసెట్టునూ నమ్ముకుని ఆ రోజు ఆయనే పీట వేసుకున్నాడు. అలా కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. స్నేహితులు 'బ్రిడ్జి పంతులు' అని పేరు పెట్టారు. "మనవాడు వేయించిన మూడు ముళ్లు ఊడవయ్యా, కాంక్రీటు పోసి వేయిస్తాడు" అనేవారు. సంభావన పుచ్చుకోడు. ప్రసాదం గిన్నె అడుగున అంటుకుని ఎర్రగా మాడిన రవ్వ మాత్రం తనదేనని ముందే చెప్పి పెడతాడు.

భార్య కామేశ్వరి కౌంటీ లైబ్రరీలో పనిచేసి రిటైరయింది. మాట తక్కువ మనిషి. ఏ ఇంట్లో పూజ అయినా ఆయన పీట దగ్గర, ఆవిడ పొయ్యి దగ్గర. ఆయన గొంతు ఏ మంత్రం దగ్గరికి వచ్చిందో వింటూ ఇక్కడ నెయ్యి వేస్తుంది. ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు.

రెండేళ్ల కిందట వాసుదేవరావు ఒక కొత్త పద్ధతి పెట్టాడు. ఏ పూజకైనా ముందు సంకల్పం చెప్పాలి కదా. ఎక్కడ కూర్చున్నాం, ఏ సంవత్సరం, ఏ రుతువు, ఏ మాసం, ఏ తిథి, ఏ వారం, అవన్నీ చెప్పుకున్నాకే ఫలానా గోత్రం వాణ్ణి, ఫలానా పేరు గలవాణ్ణి అని దేవుడితో మాట్లాడాలి. ఆయన అక్కడికి వచ్చి ఆగేవాడు. పిల్లల వైపు తిరిగి, "ఏ సంవత్సరంరా ఇది? మన తెలుగు పేరు. నువ్వు చెప్పు చూద్దాం!" అనేవాడు. పిల్లలు ఫోన్లు తీసి గబగబా వెతికి "క్రోధి!" అని అరిచేవారు. ముందు చెప్పినవాళ్లకు పళ్లెంలోంచి ఒక అరటిపండు. తర్వాత రుతువు, తర్వాత తిథి. వ్రతానికి రమ్మంటే మూతులు ముడుచుకునే పిల్లలు ఆ అరటిపండు కోసం ముందు వరసలో చేరేవారు. "అంకుల్, యూ ఆర్ ఎ జీనియస్. ఎంత బాగా ఇన్‌వాల్వ్ చేస్తున్నారో పిల్లల్ని" అని తల్లులు మురిసిపోయేవారు. కామేశ్వరి కూడా మురిసింది.

కార్తీకమాసంలో వర్ష, ధృవ్ అనే కుర్ర దంపతులు గృహప్రవేశానికి పిలిచారు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్. ఇంకా పిల్లలు లేరు. ఆఫీసు స్నేహితులు వచ్చారు, వాళ్లూ పెళ్లికానివాళ్లే. కొత్త రంగు వాసన వదలని ఇల్లు. పొగ అలారానికి, మోగకుండా, ప్లాస్టిక్ సంచీ కట్టి ఉంది.

"గోత్రం చెప్పు నాయనా" అన్నాడు వాసుదేవరావు.

"గోత్రమా? మా డాడీని అడగాలె అంకుల్" అన్నాడు ధృవ్ ఫోన్ తీస్తూ.

"సిగ్గులేకపోతే సరి. పెళ్లిలో అన్నిసార్లు చెప్పించారు కదా నీతో!" అంది వర్ష.

"పెళ్లిలో నేను నిన్ను చూస్తున్న. గోత్రమెవరికి యాదుంటది?"

అందరూ నవ్వారు. వరంగల్ నుంచి తండ్రి ఫోన్‌లో గోత్రం చెప్పాడు. వాసుదేవరావు తలూపాడు. కాసేపటికి, "గోత్రం చెప్పు నాయనా" అన్నాడు మళ్లీ. ధృవ్ చెప్పాడు. ఇంకాసేపటికి మూడోసారి. "హార్డ్ డిస్క్ నిండిపోయిందమ్మా, ఎన్ని ఇళ్ల గోత్రాలని పట్టి ఉంచుతుంది" అన్నాడు ఆయనే. మళ్లీ నవ్వులు. వంటింట్లో రవ్వ వేయిస్తున్న కామేశ్వరి కూడా నవ్వుకుంది.

సంకల్పం మొదలైంది. "క్రౌంచ ద్వీపే, రమణక వర్షే, ఐంద్ర ఖండే..." ఎన్నో ఏళ్లుగా ఈ దేశానికి చెప్పుకుంటున్న మాటలు, గంట మోగినట్టు వస్తున్నాయి. అంతలో ఆగాడు. "ఏ సంవత్సరం ఇది? ఎవరు చెప్తారు చూద్దాం!" అన్నాడు హుషారుగా.

ఎవరూ పలకలేదు. పెద్దవాళ్లు అది తమనడిగిన ప్రశ్న అనుకోలేదు. ధృవ్ వర్షను చూశాడు. వర్ష కళ్లు మూసుకుని, చేతిలో అక్షతలు పట్టుకుని కూర్చుంది. ఆ నిశ్శబ్దం కామేశ్వరికి పొయ్యి దగ్గరికి వినిపించింది. చెవి ఒగ్గింది.

"రౌద్రి నామ సంవత్సరే" అన్నాడు వాసుదేవరావు.

"రౌద్రి నామ సంవత్సరే" అన్నారు వర్ష, ధృవ్ బుద్ధిగా.

కామేశ్వరి చేతిలో గరిటె ఆగిపోయింది. విశ్వావసు కదా! ఉగాది నాడు ఆయనే గుళ్లో పంచాంగం చదివాడు కదా! రవ్వ మాడు వాసన వచ్చేదాకా ఆవిడ కదల్లేదు. తర్వాత పురుషసూక్తం ఒక్క అక్షరం జారకుండా వచ్చింది. వ్రతకథలు అయిదూ వచ్చాయి. హారతి పాటకు ఆయన గొంతు విని ఒకమ్మాయి వీడియో తీసుకుంది. అక్కడున్న ఇంతమందిలో తప్పు విన్నది తానొక్కతే.

ఇంటికి వస్తుంటే ఆయనే డ్రైవ్ చేస్తున్నాడు. లేన్ మారేటప్పుడు అద్దం చూసి, ఇండికేటర్ వేసి, ఎప్పటిలాగే. పొరపాటున వచ్చి ఉంటుంది, నోరు జారి ఉంటుంది అని కామేశ్వరి తనకు తాను సర్దిచెప్పుకుంది. అయినా నోరు ఊరుకోలేదు.

"ఏవండీ, ఇది ఏ సంవత్సరం?"

"ఎందుకూ?"

"ఊరికే. తెలుగు పేరు ఏమిటా అని."

వాసుదేవరావు ఆవిడ వైపు తిరిగి, కొంటెగా నవ్వి, "నువ్వు చెప్పు చూద్దాం" అన్నాడు.

పిల్లలతో అనే మాట. అదే గొంతు, అదే నవ్వు. ఆ మాట పూజల్లో మాత్రమే లేదని కామేశ్వరికి అప్పుడు తట్టింది. ఇంట్లోకి ఎప్పుడు వచ్చిందో తెలియకుండా వచ్చి కూర్చుంది. నిన్న రాత్రి ఏం కూర చేశాను? నువ్వు చెప్పు చూద్దాం. అబ్బాయి ఫోన్ చేశాడన్నారు, ఏమన్నాడు? నువ్వు చెప్పు చూద్దాం. ఏ ఎగ్జిట్ తీసుకోవాలి? నువ్వు చెప్పు చూద్దాం. రిటైరయ్యాక మనిషికి సరసం ఎక్కువైందనుకుంది ఆవిడ. ప్రతిసారీ జవాబు చెప్పింది. ప్రతిసారీ ఆయన "శభాష్" అన్నాడు.

ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒకసారి వంతెన తనిఖీకి ఆవిణ్ణి వెంట తీసుకెళ్లాడు. కాంక్రీటు మీద సుత్తితో మెల్లగా కొడుతూ నడిచాడు. టంగు, టంగు, టంగు. ఒకచోట డొల్లగా మోగింది. "విన్నావా? పైకి సుబ్బరంగా ఉంది చూడు. లోపల పొర విడిపోయింది" అన్నాడు. పైన లారీలు పోతూనే ఉన్నాయి.

ఆ శబ్దమే ఇప్పుడు కార్‌లో విన్నట్టయింది ఆవిడకు.

ఆ తర్వాత రోజుల్లో కామేశ్వరి కొట్టి చూడటం మొదలుపెట్టింది. పాతవన్నీ టంగుమని పలికేవి. పెళ్లిలో ఎవరు ఏ వరసలో కూర్చున్నారో చెప్పేవాడు. మొదటి కారు నంబరు చెప్పేవాడు. పొద్దున పలకరించి వెళ్లిన పక్కింటాయన సంగతి అడిగితే మాత్రం ఆ నవ్వే. కాఫీ ఫిల్టరులో పొడి వేసి నీళ్లు పోయడం మరిచి, డికాక్షన్ ఎందుకు దిగలేదని దాన్ని తడుతూ నిలబడ్డాడు. ఎప్పుడూ కోప్పడని మనిషి, తువ్వాలు ఆవిడే దాచేసిందని కోప్పడ్డాడు. తువ్వాలు ఆయన భుజం మీదే ఉంది. ఇలాంటివి విడివిడిగా చూస్తే ఏ ఇంట్లో లేవు? డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. ఆవిడ విడివిడిగానే చూస్తూ వచ్చింది. ఇప్పుడు అన్నీ ఒక్కసారి కలిపి చూసింది.

కాపెల్‌లో ఉన్న కొడుకు రవికి ఫోన్ చేసింది.

"అమ్మా, నాన్న ఈజ్ ఫైన్. మొన్న నాతో ఫోన్‌లో రుద్రం మొత్తం చెప్పాడు. నాకు నా పాస్‌వర్డే గుర్తుండదు. యూ ఆర్ ఓవర్‌థింకింగ్."

"రుద్రం వస్తుందిరా. సంవత్సరం రావడం లేదు."

"తెలుగు సంవత్సరం నాకూ తెలియదు కదమ్మా!"

"నీకు ఎప్పుడూ తెలియదు. ఆయనకు తెలిసినది పోయింది."

తర్వాత రవి అసలు సంగతి ఎత్తాడు. "ఇషా పెళ్లి తాతయ్యే చేయించాలని పట్టుబట్టి కూర్చుంది. పెళ్లికొడుకు మానవ్ వాళ్లకు కూడా చెప్పేసింది. మరి ఇప్పుడేం చేద్దాం?"

కామేశ్వరిని తొలుస్తున్నది కూడా అదే. వైశాఖంలో మనవరాలి పెళ్లి. ఇషా పుట్టిన రోజు నుంచీ ఆయన అనుకుంటున్న ముహూర్తం. ఈ మాట డాక్టరు చెవిన పడితే ఆయన కిందనుంచి ఆ పీట లాగేసినట్టే. పడకపోతే, అయినవాళ్లందరి ముందూ ఆయన పీట మీద కూర్చుని రౌద్రి నామ సంవత్సరే అంటాడు.

అపాయింట్‌మెంట్ తీసుకుంది. "చెవులకు పరీక్షా?" అన్నాడు ఆయన కార్‌లో. "బుర్రకి" అంది ఆవిడ, అబద్ధం చెప్పలేక. వాసుదేవరావు సీటు బెల్టు ఒకసారి సరిచేసుకున్నాడు.

డాక్టరు నడివయసు అమెరికన్ ఆవిడ. కుర్చీ దగ్గరికి లాక్కుని, మెల్లగా, మర్యాదగా అడిగింది. మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంది. గడియారం బొమ్మ గీయమంది. ఇంజనీరు కదా, గుండ్రంగా అందమైన సున్నా గీశాడు. అంకెలన్నీ ఒకే పక్కకు ఒరిగిపోయాయి.

"మనమిప్పుడు ఎక్కడున్నాం? ఏ రాష్ట్రం, ఏ ఊరు?" చెప్పాడు.

"ఇది ఏ సంవత్సరం? ఏ రుతువు? ఏ నెల? ఏ తేదీ? ఏ వారం?"

కామేశ్వరి కుర్చీ చెయ్యి పట్టుకుంది. ఎక్కడ, ఏ సంవత్సరం, ఏ రుతువు, ఏ మాసం, ఏ తిథి, ఏ వారం. ఇంచుమించు అదే వరస. ఈ పరీక్ష నలభై అయిదేళ్లుగా ప్రతి శనివారం ఆయన తనకు తానే పెట్టుకుంటున్నాడు. ఎక్కడో ఒక శనివారం తప్పాడు. తాను పొయ్యి దగ్గర నెయ్యి వేస్తూ ఉంది.

వాసుదేవరావు భార్య వైపు తిరిగాడు. నవ్వాడు. "నువ్వు చెప్పు చూద్దాం."

"ప్లీజ్, మీరు సాయం చేయకండి" అంది డాక్టరు కామేశ్వరితో.

ఆవిడ పెదవులు బిగపట్టింది. ఇన్నాళ్ల కాపురంలో ఆయన అడిగితే చెప్పకుండా ఉన్నది అదే మొదటిసారి. ఆయన ముఖం మీది నవ్వు మెల్లగా ఆరిపోయింది. కళ్లు మూసుకుని మొదటినుంచి అందుకున్నాడు. "క్రౌంచ ద్వీపే... రమణక వర్షే... ఐంద్ర ఖండే..." డాక్టరు కలం కింద పెట్టి వింటోంది. గొంతు నేరుగా వెళ్లి అక్కడ ఆగింది. వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అక్కడే.

కళ్లు తెరిచి తెలుగులో అన్నాడు. "ఇక్కడే కామేశ్వరీ. చాలా రోజుల నుంచీ ఇక్కడే జారిపోతోంది. అందుకే పిల్లల్ని అడగటం మొదలుపెట్టాను."

ఆయనకు తెలుసు! అందరూ మెచ్చుకున్న ఆట, తల్లులు మురిసిన ఆట, ఆ అరటిపళ్లు... తెలిసే, ఆలోచించుకునే, విరిగినచోట ఒక ఊత కట్టుకున్నాడు. ఆ ఊత ఎంత బాగా కుదిరిందంటే పక్కన పడుకున్న మనిషి కూడా గుర్తుపట్టలేదు.

తిరిగి వస్తున్నప్పుడు కారు ఆవిడ నడిపింది. చాలా దూరం వచ్చాక పట్టలేక అంది.

"అన్నేళ్లు ఊళ్లో బ్రిడ్జీలన్నిటికీ రిపోర్టులు రాశారే, మీ బుర్రకి ఒక్క రిపోర్టు రాయలేకపోయారా? నాకు చెప్పలేకపోయారా?"

"ఆ బ్రిడ్జి మీదే కదే నేను నిలబడి ఉన్నది" అన్నాడాయన కిటికీలోంచి చూస్తూ.

రక్త పరీక్షలు చేశారు. థైరాయిడ్ వల్లా, విటమిన్ తక్కువై కూడా ఇలా రావచ్చని డాక్టరు అంటే కామేశ్వరి ఆ విటమిన్‌కు మొక్కుకుంది. అవేవీ కాదన్నారు. స్కానింగు, పెద్ద పరీక్షలు అయ్యాక తొలి దశ అల్జీమర్స్ అన్నారు. ముందే వచ్చారు, అది మంచిది అంది డాక్టరు. మందు మొదలుపెడదాం, ఏం కావాలో ఆయన చెప్పగలిగినప్పుడే ఆయన్నే అడగండి అంది.

అడిగారు. "ఇషా పెళ్లి చేయిస్తాను. దాంతో ఆపేస్తాను" అన్నాడు వాసుదేవరావు. రవి తల్లితో చాటుగా, "బ్యాకప్‌గా గుడి పంతులుగార్ని కూర్చోబెడతాను" అన్నాడు. కామేశ్వరి సరేనంది. ఈ మధ్యలో ఉగాది వచ్చి సంవత్సరం పేరు మారింది. విశ్వావసు పోయి పరాభవ వచ్చింది. రోజూ కాఫీ తాగేటప్పుడు ఆవిడ ఆ పేరు ఆయన చేత చెప్పించేది. గ్లాసు కడిగి పెట్టేలోగా పోయేది. ముహూర్తం దగ్గరపడేకొద్దీ ఆవిడకు నిద్ర కరువైంది.

కాపెల్ దగ్గర ఫంక్షన్ హాలు. హాలు నిండా జనం. షాంటిలీ నుంచి కూడా విమానాలెక్కి వచ్చారు, బ్రిడ్జి పంతులు మనవరాలి పెళ్లి చూడాలని. వర్ష, ధృవ్ రెండో వరసలో ఉన్నారు. గుడి పంతులుగారు మొదటి వరసలో పంచె సర్దుకుని కూర్చున్నారు. కామేశ్వరి ఈసారి వంటింట్లో లేదు. పీట పక్కనే చాప వేసుకుని కూర్చుంది.

గణపతి పూజకు సంకల్పం. "క్రౌంచ ద్వీపే, రమణక వర్షే..." గొంతు హాలంతా నిండింది. ఆ చోటికి వచ్చింది. ఆగింది. కామేశ్వరి చెప్పబోతుంటే ఆయన చెయ్యెత్తి ఆపి, మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"పెద్దలందరికీ ఒక మాట. ఈ సంవత్సరం పేరు నాకు గుర్తుండదు. నాకు మతిమరుపు జబ్బు వచ్చిందని డాక్టరు చెప్పింది. ఇన్నాళ్లూ మీ పిల్లల్ని అడిగి నెట్టుకొచ్చాను. ఇప్పుడు మా ఆవిణ్ణి అడుగుతాను. కామేశ్వరీ, నువ్వు చెప్పు చూద్దాం."

హాలు కొయ్యబారిపోయింది. షుగరు, బీపీ, బైపాసు, ఏదైనా భోజనాల దగ్గర చెప్పుకునే జనం. ఈ జబ్బు పేరు మైకులో అన్నవాణ్ణి వాళ్లెప్పుడూ చూడలేదు. వర్ష నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పరాభవ నామ సంవత్సరే" అంది కామేశ్వరి. గొంతు వణికింది గాని పలికింది.

"శభాష్!" అని వాసుదేవరావు పళ్లెంలోంచి అరటిపండు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. తర్వాత ఎక్కడో ఒకరు చప్పట్లు కొట్టారు. హాలంతా అందుకుంది. నవ్వులూ, కళ్లు తుడుచుకోవడాలూ. ఇషా పక్క గది గుమ్మంలోంచి "తాతా!" అని అరిచింది. కామేశ్వరికి గుండెల మీది బండ దిగినట్టయింది. అరటిపండు ఒళ్లో పెట్టుకుంది. అయిపోయింది, ఇక భయం లేదు, అందరికీ తెలిసిపోయింది.

పూజ సాగింది. గౌరీపూజ చేసి వచ్చిన ఇషాను బుట్టలో కూర్చోబెట్టి మేనమామ తెచ్చాడు. తెర అడ్డం పట్టారు. కన్యాదానానికి రవి, భార్య శ్రీలేఖ పీటల మీద కూర్చున్నారు. దానికి మళ్లీ సంకల్పం చెప్పాలి. వాసుదేవరావు కొడుకు చేతిలో నీళ్లు పోసి మొదలుపెట్టాడు. "క్రౌంచ ద్వీపే" అన్నాడు తండ్రి. "క్రౌంచ ద్వీపే" అన్నాడు కొడుకు. ఆ చోటికి వచ్చారు. కామేశ్వరి సిద్ధంగా ఉంది.

వాసుదేవరావు చెయ్యెత్తి ఆపాడు. మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"పెద్దలందరికీ ఒక మాట" అన్నాడు. "ఈ సంవత్సరం పేరు నాకు గుర్తుండదు. నాకు మతిమరుపు జబ్బు వచ్చిందని డాక్టరు చెప్పింది..."

అదే గొంతు. అవే మాటలు, అదే వరసలో. ఇందాక ఎక్కడ ఆగాడో అక్కడే ఆగాడు. మొదటిసారి చెబుతున్న మనిషి ముఖంలో ఉండే బెరుకు, ధైర్యం, రెండూ అలాగే ఉన్నాయి. హాల్లో ఎవరో ముందు నవ్వబోయి, గొంతులోనే ఆపుకున్నారు. రవి చేతిలోని నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోతున్నాయి. తండ్రి ముఖంలోకి అలా చూస్తూ ఉండిపోయాడు. గుడి పంతులుగారు లేవబోతే కామేశ్వరి కళ్లతోనే వద్దంది.

"...ఇప్పుడు మా ఆవిణ్ణి అడుగుతాను. కామేశ్వరీ, నువ్వు చెప్పు చూద్దాం."

ఒళ్లో మొదటి అరటిపండు ఇంకా చల్లగా తగులుతూనే ఉంది.

"పరాభవ నామ సంవత్సరే" అంది కామేశ్వరి. ఈసారి గొంతు వణకలేదు.

"శభాష్!" అని ఆయన పళ్లెం వైపు తిరిగాడు. చప్పట్ల కోసం చూసినట్టు ఒకసారి హాలు వైపు చూశాడు. ఎవరూ కదల్లేదు. ఆవిడ మొదటి పండును చీర కుచ్చెళ్ల కిందికి జరిపి, ఖాళీ చెయ్యి చాపింది.